చప్పుడు లేని వెలుగు

మా ఇంట్లో రంజాన్ నెలవంకను మొదట చూసే హక్కు మా తమ్ముడిది. ఎవరూ రాసివ్వలేదు. వాడికి ఏడేళ్లున్నప్పుడు వాడే సంపాదించుకున్నాడు. ఎల్లారెడ్డిలో మా డాబా మీద ఇరుగుపొరుగు పదిహేను మంది పడమటికి తిరిగి, కళ్లు చికిలించుకుని, "అగో" అని ఒకరు, "అది మబ్బు తునక" అని ఇంకొకరు తగువులాడుకుంటుంటే, మా అబ్బా భుజాల మీద కూర్చున్న వీడు చెయ్యి చాపి, "గదే, కరెంటు తీగకు జెర్ర పైన" అన్నాడు. ముందు ఎవరూ నమ్మలేదు. కాసేపటికి ఒక్కొక్కరికీ కనిపించింది. ఆ ఏటి నుంచి ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం, నోట్లో ఖర్జూరం ఉండగానే, గల్లీ జనం మా మెట్లెక్కేవారు. మసీదు మైకులో చెప్పినా సరే, వాడు చూసి తలూపితేనే మా అమ్మీ సేమ్యాల డబ్బా మూత తీసేది.

నాకేమో ఆరో తరగతిలోనే సోడాబుడ్డి అద్దాలు పడ్డాయి. "నీకు పున్నమి నాడు ఈద్ చేద్దాం ఆపా, గప్పుడైతే నీకు గూడ కనవడ్తది" అని వాడు ఏడిపించేవాడు. వాణ్ణి తరిమి కొట్టేదాన్ని. నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ ఎక్కువే. చూపు తక్కువైనందుకో ఏమో, చదువు అయ్యాక కంటి పనిలోనే చేరాను. కామారెడ్డిలో ఒక చిన్న కంటి దవాఖానాలో టెక్నీషియన్‌గా పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. అక్షరాల పట్టీ చదివించడం, చుక్కల మందు వేయడం, కంటి వెనక పొరకు ఫొటో తీయడం నా పని. షుగర్ వల్ల కళ్లలో రక్తం చిమ్మే వాళ్లకు డాక్టరమ్మ లేజర్ పెడుతుంటే, వాళ్ల తల కదలకుండా వెనక నుంచి పట్టుకోవడం కూడా నా పనే. మా వైపు దాన్ని "లేజర్ కొట్టిచ్చుకునుడు" అంటారు. గాంధారి తండాల నుంచి ఆటోలో వచ్చిన ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని, "కొడితే నొస్తదా బిడ్డా?" అని అడుగుతారు. "ఉత్త వెలుగే అవ్వా, చప్పుడు గూడ రాదు" అని ఎన్ని వేలసార్లు చెప్పానో లెక్కలేదు.

తమ్ముడు పెళ్లయిన ఏడాదికి గల్ఫ్ వెళ్లాడు. ఏ దేశమో ఇక్కడ రాయను, అక్కడ మా వాళ్లు ఇంకా ఉన్నారు. ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. వెళ్లేనాటికి మా మరదలికి ఐదో నెల. పాప పుట్టడం, పాకడం, నడవడం అంతా వాడు ఫోన్‌లోనే చూశాడు. రెండేళ్లకు సెలవు రావాలి. ఆ సెలవు సమయానికే ఆ చుట్టుపక్కల దేశాల మధ్య గొడవలు ముదిరి, ఒకసారి విమానాలు లేవన్నారు, ఒకసారి మనుషులు తక్కువున్నారు, సెలవు లేదన్నారు. అట్లా మూడున్నరేళ్లు గడిచాయి. పాప ఫోన్‌ను ముద్దు పెట్టుకుని "అబ్బా" అనేది. అబ్బా అంటే చేతిలో పట్టుకునేంత ఉంటాడని అనుకునేదేమో.

వాడు అక్కడున్నా నెలవంక హక్కు మాత్రం పోలేదు. ఆ దేశంలో చంద్రుణ్ణి చూడటం సర్కారు పని. వాళ్ల మనుషులు పెద్ద దుర్బీన్లు పెట్టుకుని చూసి టీవీలో చెబుతారు, అక్కడి జనం విని పడుకుంటారు. కానీ మా వాడు డాబా ఎక్కేవాడు. అక్కడ సాధారణంగా మనకంటే ఒకరోజు ముందు పండుగ. మాకు ఇరవై ఎనిమిదో ఉపవాసం నాటి సాయంత్రం, మాకు చీకటి పడ్డ రెండు గంటలకు వాళ్లకు పొద్దు గుంకుతుంది. ఆ వేళకు నేను ఫోన్ చేసి "చూసినవా?" అని అడిగేదాన్ని. "చూసిన" అనేవాడు. అప్పుడు అమ్మీకి ఫోన్ చేసి, ఎల్లుండి మన ఈద్ అని చెప్పేదాన్ని. టీవీ చెప్పిందానికీ, మసీదు చెప్పిందానికీ, వాడు చెప్పిందానికీ ఏనాడూ తేడా రాలేదు. అయినా వాడు చెబితేనే మాకు తృప్తి. మా ఇంటి పిచ్చి అది.

ఆ ఏడు వసంతంలో వాడి ఫోన్లలో కొత్త సంగతులు మొదలయ్యాయి. వాళ్లుండే క్యాంపు అవతల, ఉప్పునేల దాటాక, ఒక చమురు కంపెనీ ట్యాంకులున్నాయట. వాటి మీదికి డ్రోన్లు వస్తున్నాయట. మొదట్లో వాటిని రాకెట్లతో కొట్టేవారు, అద్దాలు అదిరేవి, అందరూ మంచాల కింద దూరేవారు. తర్వాత ఆ మోత ఆగిపోయింది. "ఇప్పుడు చప్పుడే లేదు ఆపా," అన్నాడు ఒకరోజు. "డ్రోను పోతుంటది. ఉన్నట్టుండి రెక్క కాడ పొగ లేస్తది. పడిపోతది. ఎవరు కొట్టిండ్రో, ఎటు దిక్కు నుంచి కొట్టిండ్రో తెల్వది. అగ్గిపెట్టె ఎవలూ గీయకుండ అగ్గి అంటుకున్నట్టు."

"చప్పుడు లేకుంటే మంచిదే కదరా," అన్నాను.

"మోత ఉన్నప్పుడే నయం ఉండె. మోతొస్తే దాసుకుంటుంటిమి."

క్యాంపులో నోటీసు పెట్టారు. పొద్దు గుంకే వేళ, తెల్లవారే వేళ డాబా మీదికి వెళ్లొద్దు, పడమటి వైపు ఆకాశాన్ని చూడొద్దు. ఎందుకో రాయలేదు. పైనుంచి ముక్కలు పడతాయేమోనని వీళ్లు అనుకున్నారు.

మాకు ఇరవై ఎనిమిదో ఉపవాసం నాటి సాయంత్రం నేను కామారెడ్డిలో నా వంటింట్లో ఉన్నాను. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చేతులకు పిండి అంటి ఉండగా, వాడికి ఫోన్ కలిపాను.

"చూసినవా?"

"ఇంకా లేదు. ఈసారి మీదికి పోవద్దన్నరు ఆపా. టీవీల చెప్తరు గద, చెప్పంగనే నీకు చెప్త."

అక్కడితో ఆగి ఉండాల్సింది. నేను ఆగలేదు. నవ్వాను. "చాంద్ చూడనీకి ఏం భయంరా నీకు? టీవీ చెప్పింది నేను గూడ చూస్త. నీ కండ్లతోని చూసి చెప్పు, లేకుంటే నాకు పండుగ లేదు పో," అన్నాను. ఎగతాళిగానే అన్నాను. వాడు కూడా నవ్వాడు. తర్వాత మంచం కిర్రుమనడం, చెప్పులు తొడుక్కోవడం, ఇనుప మెట్లు ఎక్కడం, అన్నీ నాకు వినిపించాయి. వాడి గదిలో ఉండే బీర్కూర్ అతని దగ్గర దుర్బీన్ ఉందట, అది కూడా తీసుకుపోయాడు.

"పొద్దు మునిగింది," అన్నాడు. "ఆకాశం ఎర్రగ ఉంది. ఎక్కడున్నదో దొరుకుతలేదు... ఆఁ. కనవడ్డది ఆపా. సన్నగ ఉంది, ఈద్ ముబారక్. దాని కింద ఏందో పిట్ట... పిట్ట కాదు, కదలకుంట..."

అక్కడ మాట ఆగింది. లైను కట్ అయిందనుకున్నాను. కాలేదు, గాలి చప్పుడు వస్తూనే ఉంది. ఎక్కడా పేలుడు లేదు, అరుపు లేదు. వాడు కూడా అరవలేదు.

కాసేపటికి, "పడ్డది," అన్నాడు. ఇంకాసేపటికి, చాలా మామూలుగా, "ఆపా, చాంద్ పోతలేదు," అన్నాడు.

"పోతలేదంటే?"

"దుర్బీన్ తీసేసిన. తల తిప్పిన. అటు దిక్కే వస్తున్నది. ట్యాంకీ మీదికొచ్చింది. చేతి మీదికొచ్చింది. కండ్లు మూసినా ఉంది. పచ్చగ."

బల్బును చూస్తే అట్లాగే అవుతుంది, పోయి పడుకో, పొద్దునకు పోతుంది అన్నాను. పద్దెనిమిదేళ్లు కంటి దవాఖానాలో పనిచేసిన మనిషిని, ఆ మాటే అన్నాను. తర్వాత అమ్మీకి ఫోన్ చేసి సంతోషంగా ఈద్ సంగతి చెప్పాను.

అది పొద్దునకు పోలేదు. పచ్చది ఊదాగా మారింది, తర్వాత రంగే లేకుండా పోయింది. వాడు ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలు దాచాడు. ఫోన్‌లో పాపను చూస్తూ ఎప్పటిలాగే ముద్దుచేసేవాడు, కాకపోతే ఫోన్‌ను వంకరగా పట్టుకునేవాడు, మాకు వాడి చెవి, సగం గోడ కనిపించేవి. నెట్ సరిగా లేదేమో అనుకున్నాం. చివరికి ఒకరోజు ఫోర్క్‌లిఫ్ట్ ముందు నిలబడ్డ మనిషిని చూడలేకపోయాడు. ఆ మనిషి పక్కకు దూకి బతికాడు. కంపెనీ వాళ్లు పరీక్ష చేయించి, సూర్యుణ్ణి చూసి కళ్లు పాడుచేసుకున్నాడని కాగితం రాసి, ఇంటికి పంపించారు. పొద్దు మునిగాకే చూశానని వాడు ఎంత చెప్పినా వినలేదట.

శంషాబాద్‌లో దిగినప్పుడు నేను వెళ్లలేకపోయాను. అమ్మీ, మరదలు, పాప వెళ్లారు. రెండో రోజు వాడు కామారెడ్డి వచ్చాడు. దవాఖానాలో నా గదిలో కుర్చీలో కూర్చుని, "ఎట్లున్నవ్ ఆపా," అని నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు, క్యాలెండర్ ఉంది.

గళ్ల కాగితం ముందు పెట్టి, నడుమ ఉన్న చుక్కను చూడమన్నాను. "చుక్క ఏది?" అన్నాడు. పెన్సిల్ ఇచ్చి, గీతలు ఎక్కడ లేవో అక్కడ సున్నా చుట్టమన్నాను. చుట్టాడు. కుడికంటికి ఒకటి, ఎడమకంటికి ఒకటి, రెండూ సరిగ్గా నడుమనే. ఒక కన్ను పోతే ఇంకో కన్ను సర్దుకుంటుంది. రెండు కళ్లకూ ఒకే చోట పోతే సర్దడానికి ఏమీ మిగలదు.

"నల్లగ కనవడ్తదారా?"

"నల్లగ ఉంటే బాగుండె. ఏదో అడ్డమున్నదని తెలుస్తుండె. గట్ల కాదు ఆపా. ముఖం ఉండాల్సిన కాడ ముఖం ఉండది. ఎనక గోడనే ముందుకొస్తది. ఇప్పుడు నీ చున్నీ ఉంది, కమ్మలున్నయి, కమ్మల నడుమ గోడ ఉంది."

తర్వాత గొంతు తగ్గించి, ఎయిర్‌పోర్టులో జరిగింది చెప్పాడు. మరదలు పాపను తెచ్చి వాడి చేతుల్లో పెట్టింది. మూడున్నరేళ్లుగా ఎదురుచూసిన పిల్ల. "బరువుంది. పూల గౌను ఉంది. రెండు పిలకలున్నయి. పిలకల నడుమ ఎనక పోయే జనం ఉన్నరు ఆపా, పెట్టెలు నూకుకుంటు. నేను జడుసుకున్న. నా బిడ్డను పట్టుకోని నేనే జడుసుకున్న." ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నాడు. పాప ముఖం మాత్రం ఒక్కసారి చూపించమన్నాడు. నౌకరీ గురించి అడగలేదు, కారు నడపొచ్చా అని అడగలేదు. వాడు నన్నడిగింది అదొక్కటే.

నేను ఫొటోలు తీశాను. కంటి వెనక పొర నారింజ రంగులో తెర మీదికొచ్చింది. సరిగ్గా చూపు నిలిచే చోట చిన్న పసుపు మచ్చ, కొద్దిగా సాగి వంగి ఉంది. డాక్టరమ్మ చూసి, "అచ్చం నెలవంక లాగే ఉంది," అంది. ఆమె మంచిదే, ఆ మాట తప్పుగా అనలేదు. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. "కాలిన మచ్చ మేడమ్ అది," అన్నాను గట్టిగా. పద్దెనిమిదేళ్లలో ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు.

వాణ్ణి బయట కూర్చోబెట్టాక నాకు వివరంగా చెప్పింది. డ్రోన్లను కాల్చే లేజర్ సినిమాల్లో మాదిరిగా ఎర్రగా కనిపించదట. మన కంటికి అందని వెలుగు. దాన్ని దూరం నుంచి డ్రోను రెక్క మీద అరచేతంత చోట కొన్ని సెకన్లు నిలిపితే ఆ చోటు కరుగుతుంది. కొంత వెలుగు తగిలి చెదురుతుంది, తగలనిది ముందుకు పోతూనే ఉంటుంది. తుపాకీ గుండు అయితే ఎక్కడో ఒకచోట నేల మీద పడుతుంది. వెలుగు పడదు. అదే వరసలో దుర్బీన్ పెట్టుకుని చూస్తున్న మనిషి ఉంటే, కంటికి కనిపించదు గనక రెప్ప మూసుకోదు, నొప్పి తెలియదు గనక తల తిప్పుకోడు. దుర్బీన్ దాన్ని పోగు చేసి మరీ లోపలికి పంపుతుంది. "అదే అని నేను ప్రమాణం చేసి రాయలేను, మచ్చ మాత్రం అట్లాగే ఉంది," అంది.

"కండ్లు పోగొట్టేది ఎవలన్న వాడుతరా మేడమ్, కాయిదా లేదా?" అని అడిగాను. ఉందట. మనుషుల కళ్లు పోగొట్టడానికే తయారుచేసిన లేజర్లను యుద్ధాల్లో వాడకూడదని దేశాలు ఒప్పందం చేసుకున్నాయట. వీటిని తయారుచేసింది డ్రోన్ల కోసం. కాబట్టి అది వీటికి వర్తించదు. మా తమ్ముణ్ణి ఎవరూ గురి చూడలేదు, వాడు ఎవరికీ శత్రువు కాదు, వాణ్ణి కొట్టినట్టు కొట్టినవాళ్లకే తెలియదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను ఆ రోజంతా స్టూళ్లను తన్నుకుంటూ తిరిగాను. హైదరాబాద్‌లో పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోతే వాళ్లూ అదే చెప్పారు. గోలీలు వాడండి, ఆరు నెలలు చూడండి, చచ్చిన పొర మళ్లీ పుట్టదు.

ఆ వారం బీబీపేట నుంచి ఒక పెద్దాయన లేజర్ కోసం వచ్చాడు. గడ్డం ఆనించి, తల పట్టుకున్నాను. "ఏం కాదు గద బిడ్డా?" అన్నాడు. నోట్లో మాట తయారుగానే ఉంది, బయటికి రాలేదు. డాక్టరమ్మ నా వైపు చూసి తనే చెప్పింది. మంచి చేసే వెలుగు, చెడు చేసే వెలుగు వేరువేరు అని నాకు తెలియక కాదు. గదిలో లైట్లార్పి, ఆ యంత్రం సన్నగా టిక్కుటిక్కుమంటుంటే, నా వేళ్ల కింద ఆ ముసలి తల ఎంత నమ్మకంగా కదలకుండా ఉందో చూసి నాకు భయమేసింది.

పోయిన చూపును తేలేను గానీ, ఉన్న చూపును వాడుకోవడం నేర్పడం నా పనిలో భాగమే. ముసలివాళ్లకు ఎన్నోసార్లు నేర్పాను. చూడదలచిన వస్తువును గడియారం అనుకోవాలి. దాని నడుమ చూడకుండా పన్నెండు దగ్గర, ఒంటిగంట దగ్గర, అట్లా చుట్టూ ఒక్కొక్క అంకె దగ్గర చూపు నిలిపి చూడాలి. ఏదో ఒక అంకె దగ్గర చూపు నిలిపినప్పుడు, ఆ వస్తువు పక్కచూపులో బయటపడుతుంది. ప్రతి ఆదివారం లింగంపేట మీదుగా బస్సులో ఎల్లారెడ్డి వెళ్లాను. అప్పటికి ఇంట్లో చెప్పేశాం. ముందు అమ్మీని కూర్చోబెట్టాను. "నా ముడుతలు చూసి ఏం జేస్తవ్‌రా," అని ఆమె గొణిగింది. వాడికి పది అంకె దగ్గర దారి దొరికింది. ముఖానికి ఎడమ పక్కన, కొంచెం పైన, జానెడు దూరంలో ఖాళీ గాలిని చూస్తే అమ్మీ ముఖం వస్తోంది. మసగ్గా వస్తోంది, కానీ వస్తోంది.

మూడో ఆదివారం పాపను ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టాం. వెనక ఆకుపచ్చ పరదా. వాడు ఎదురుగా కుర్చీలో కూర్చుని, మెల్లగా చూపును పైకి, ఎడమకు జరిపాడు. అలమారా మూల దగ్గర ఆపాడు.

"వచ్చింది," అన్నాడు.

చూపు కదపకుండా చెప్పుకుపోయాడు. "ముక్కు అమ్మీది. కండ్లు దాని తల్లివి. పెదవి కింద పుట్టుమచ్చ ఉంది ఆపా. ఫోన్ల ఎన్నడు కనవడలే." అలమారా మూలనే చూస్తూ ఏడ్చాడు. మరదలు ఏడ్చింది, అమ్మీ ఏడ్చింది. నేను మాత్రం సంతోషంతో గర్వపడ్డాను. ఇంత పెద్ద పని నా చేతుల మీద ఎప్పుడూ జరగలేదనుకున్నాను.

ఆ సాయంత్రం వాకిట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట. "నేను చూడమన్నందుకే గదరా నువ్వు మీదికి పోయింది."

"నీ ఫోన్ రాకముందే చెప్పులేసుకోని తయారున్న ఆపా," అన్నాడు, గోడ వైపు చూస్తూ.

అబద్ధం. చెప్పులు తొడుక్కోవడం నేను విన్నాను. నేను విన్నానని వాడికీ తెలుసు. చాయ్ చల్లారిపోతే పారబోసి మళ్లీ పెట్టాను.

రెండు వారాల తర్వాత వెళ్లేసరికి మరదలు నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. పాప ముందు గదిలో ఒక్కతే ఉండటం లేదట. పగలు కూడా. "అలమారా కాడ ఇంకో పాప ఉన్నదంటది ఆపా. అబ్బా ఆ పాపనే చూస్తడంట, ఆ పాపతోనే మాట్లాడ్తడంట. నిన్న సగం బిస్కెట్ తీస్కపోయి ఆ మూలకు పెట్టింది. ఎందుకే అంటే, 'తినమను, తిని ఆమె ఇంటికి పొమ్మను' అన్నది." చెబుతూ మరదలు చేతుల మీద వెంట్రుకలు నిమురుకుంది. చూస్తే అలమారా మూలలో బిస్కెట్ ముక్క నిజంగానే ఉంది, చీమలు పట్టి.

పిల్ల లెక్క తప్పు కాదు. వాడు పేరు పెట్టి పిలుస్తాడు, ముద్దు మాటలు అంటాడు, ఏడుస్తాడు, నవ్వుతాడు, అంతా తనకు జానెడు పక్కన గాలిని చూసి. తను అటు జరిగితే ఆ చూపు ఇంకా అటు జరుగుతుంది. ఫోన్‌లో ఉన్న అబ్బా ఒకప్పుడు తనను చూసేవాడు. ఇంటికొచ్చిన అబ్బా ఇంకెవర్నో చూస్తున్నాడు. గడియారం లెక్క నేర్పిన నేను ఇటు వైపు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నేను పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పి చూశాను. "అక్కడ ఎవ్వలు లేరు బేటా. అబ్బా కండ్లకు దెబ్బ తాకింది. నిన్ను చూడాల్నంటే అటు చూడాలె." పాప నన్ను చాలాసేపు చూసింది. "నువ్వు నన్ను ఇట్లనే చూస్తున్నవ్ గద ఫుప్పూ," అంది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడు కుర్చీలో కూర్చున్నాడు. పాపను మంచం మీద కూర్చోబెట్టి ఏదో కథ అడుగుతున్నాడు, చూపు అలమారా మూలన. నేను గడప దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. పాప అబ్బా కళ్లను చూసింది, ఆ కళ్లు చూస్తున్న చోటును చూసింది, మళ్లీ కళ్లను చూసింది. తర్వాత మంచం మీద నిలబడింది. దిండు మీద దిండు వేసి, ఒక చేత్తో అలమారా అంచు పట్టుకుని ఎక్కింది. పడుతుందని నేను లేవబోయాను. ముఖాన్ని సరిగ్గా తీసుకుపోయి ఆ మూలలో, వాడి చూపు నిలిచిన చోట పెట్టింది. కాళ్లు వణుకుతున్నాయి.

"ఇప్పుడు చూడు," అంది.

చూపు ఇంకాస్త పైకి జరిపితే చాలు, పాప ముఖం మళ్లీ వాడికి వస్తుంది. ఎటు జరపాలో వాడికి బాగా అలవాటైంది, రెప్పపాటు పని. వాడి కళ్లు కదలబోయి, ఆగాయి. ఎక్కడున్నవి అక్కడే నిలిచాయి, సూటిగా, పాప కళ్లలోకి. పద్దెనిమిదేళ్లుగా నేను మనుషుల చూపు ఎటు నిలిచిందో చూస్తున్నాను. ఆ క్షణాన వాడికి రెండు పిలకలు, వాటి నడుమ అలమారా చెక్క తప్ప ఏమీ కనిపించడం లేదని నాకు తెలుసు.

"కనవడ్తున్నవ్ బేటా," అన్నాడు. "మంచిగ కనవడ్తున్నవ్."

పాప కిందికి దిగలేదు. దిండ్ల మీద అట్లాగే నిలబడింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"ఆపా," అని పిలిచాడు మా తమ్ముడు, తల తిప్పకుండా, పెదవులు కదిలీ కదలకుండా. "నవ్వుతున్నదా?"

నేను పాప ముఖం చూశాను.

"నవ్వుతలేదురా," అన్నాను. "నిన్నే చూస్తున్నది."